చెయ్యెత్తమనే నాయబ్ రసూల్

నాయబ్ రసూల్ గోడల్ని కొలవడు, మనుషుల్ని కొలుస్తాడు. శ్రీకాళహస్తి బస్టాండు దారిలో ముప్పై ఏళ్ళుగా వెల్డింగ్ షాపు నడుపుతున్న ఈ మనిషి గురించి ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాదంతా దాని వెంబడే వస్తుంది. వంటింటికి గిన్నెల స్టాండు కావాలని వెళ్ళండి, గడప పక్కన చెప్పుల స్టాండని వెళ్ళండి, కారు మీద సామాను కట్టుకునే క్యారియరని వెళ్ళండి. మీ మొహం ఒకసారి చూసి, జేబులోంచి సుద్దముక్క తీసి, "చెయ్యెత్తండి" అంటాడు. ఎందుకని అడిగినవాళ్ళకు ఇంకో ఇరవై ప్రశ్నలు అదనం.

నా పేరు మునిశేఖర్. ఆయన షాపును ఆనుకునే నా హార్డ్‌వేర్ అంగడి. మేకులు, బోల్టులు, కొలిచే టేపులు, రంగు డబ్బాలు అమ్ముకుంటాను. మా ఇద్దరికీ మధ్య ఒకే ఒక్క గోడ, అది కూడా పల్చనిది. అటువైపు రసూల్ "చెయ్యెత్తండి" అంటే ఇటువైపు నా చెయ్యి దానంతటదే లేస్తుంది. అంగట్లోకి వచ్చినవాళ్ళు తమకు సలాం కొడుతున్నాననుకుంటారు.

ఒకసారి పులికాట్ వైపు నుంచి ఏబెల్ అని ఒక డ్రైవరు కొత్త కారు తెచ్చి, పైన క్యారియర్ బిగించమన్నాడు. రసూల్ కారు వైపు కన్నెత్తి చూడలేదు. ఏబెల్‌ను రోడ్డు మీద నిలబెట్టి రెండు చేతులూ పైకెత్తమన్నాడు. పోలీసులకు దొరికిపోయినవాడిలా ఆ మనిషి నిలబడి ఉంటే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు.

"కారును వదిలేసి నన్నెందుకు కొలస్తా ఉండావు భాయ్?" అన్నాడు ఏబెల్ సిగ్గుపడుతూ.

"పెట్టెల్ని కారు ఎత్తుకుంటాదా, నువ్వు ఎత్తాల్నా?"

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. నడుం నొప్పి ఉందా, పెట్టెలేనా రొయ్యల బుట్టలు కూడా వేస్తావా, బుట్టల్లో నీళ్ళు కారితే ఎటువైపు కారాలి, నీ వైపా ప్యాసింజర్ వైపా. గంట గడిచేసరికి ఏబెల్ తన పెళ్ళి ఎలా కుదిరిందో కూడా చెప్పేశాడు. చివరికి క్యారియర్‌తో పాటు కారు పక్కన కాలు పెట్టుకోవడానికి ఒక మెట్టు కూడా బిగించి పంపాడు రసూల్. అడగని మెట్టు నాకెందుకని గొణుక్కుంటూ వెళ్ళిన ఏబెల్, రెండు నెలల తర్వాత ఒక సంచీడు ఎండురొయ్యలు తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. నడుం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

బ్యాంకులో పనిచేసే సుందరరాజు సంగతి ఇంకా బాగుంటుంది. ఆయన సెల్‌ఫోన్‌లో ఏదో పెద్ద వంటిల్లు ఫోటో చూపించి, అచ్చం అలాగే తన ఇంట్లో పైకప్పు దాకా అరలు కావాలన్నాడు. సుద్దముక్కతో పాటు నన్నూ తోడు పిలుచుకుని వాళ్ళ ఇంటికి పోయాడు రసూల్. సుందరరాజు గర్వంగా ఆరడుగుల మీద ఇంకో రెండడుగులు చెయ్యెత్తి నిలబడ్డాడు.

రసూల్ కదల్లేదు. "ఆవాలు యాడుండాయి సార్?" అన్నాడు.

సుందరరాజు మొదటి డబ్బా తెరిచాడు, మెంతులు. రెండోది తెరిచాడు, శనగపప్పు. మూడోది మూతే రాలేదు. వాకిట్లో నిలబడ్డ ఆయన భార్య మహిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆరో డబ్బా దగ్గర సుందరరాజు చెమట తుడుచుకుని, "మహీ, ఒకసారి రా" అన్నాడు. ఆమె వచ్చి చెయ్యెత్తింది. రసూల్ గోడ మీద గీత గీశాడు. అరలు ఆ గీత దాటి ఒక్క అంగుళం పైకి పోలేదు. ఫోటోలో వంటిల్లు ఫోటోలోనే ఉండిపోయింది.

నన్నేమైనా వదిలాడనుకున్నారా. చెప్పుల స్టాండు చేసిపెట్టమంటే మూడు రోజులు అంగట్లో నా నడక చూశాడు. నాలుగో రోజు నడుమెత్తున ఒక స్టాండు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. చెప్పులు నడుమెత్తున ఏమిటయ్యా అంటే, "నీ పొట్ట నిన్ను వంగనిస్తాదా అప్పా?" అన్నాడు మా ఆవిడ ముందే. అది జరిగి ఐదేళ్ళు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇలాంటి మనిషి ముప్పై ఏళ్ళలో ఒక్కసారే కొలత తప్పాడు. ఊరంతా చూసిన ఆ తప్పు గురించే నేను చెప్పొచ్చింది.

మేమిద్దరం మధ్యాహ్నం దేవకమ్మ మెస్సులో తింటాం. సంగటి, వేరుశనగల ఊరిబిండి, పప్పు, రసం. అరవై దాటిన ఆమె పొయ్యి దగ్గర నిలబడితే నలభై మందికి ఏది ఎప్పుడు కావాలో అడక్కుండానే పెడుతుంది. ఆ మెస్సే ఆమె ప్రాణం. మొగుడు పోయాక దాంతోనే ఇల్లు నిలబెట్టింది, కొడుకు మునిప్రసాద్‌ను చదివించింది. వాడు బంగారంలాంటి పిల్లాడే. చిక్కంతా ఆ బంగారంతోనే. అమ్మ ఇంకా పొగలో మగ్గిపోతోందని వాడికి దిగులు. ఎవరో బేకరీవాళ్ళు ఆ గది అద్దెకు అడుగుతున్నారు. "మాయమ్మ ఒక్క దినం, ఈడ నొప్పిగా ఉండాది అంటే చాలు. మరుసటి దినమే షట్టర్ దించేస్తాను" అని అందరి ముందూ చెప్పేవాడు. ప్రేమతోనే చెప్పేవాడు. ఆమె విని గరిటె ఇంకాస్త గట్టిగా పట్టుకునేది.

పోయిన ఏడాది మెస్సులో పాత చెక్క అల్మారాకు చెదలు పట్టి కూలిపోయింది. మునిప్రసాద్ వెంటనే రసూల్‌కు కబురు పెట్టి, గోడ పొడవునా స్టీలు స్టాండు చెయ్యమన్నాడు. రసూల్ సుద్దముక్కతో వెళ్ళి, "అక్కా, చెయ్యెత్తు" అన్నాడు.

రసం పొంగుతోంది, రేపు రమ్మంది దేవకమ్మ. మరునాడు చేతులకు పిండి ఉందంది. మూడో రోజు ఆమెకు కోపమే వచ్చింది. "నేనేమన్నా బస్సు ఆపతా ఉండానా, చెయ్యెత్తి నిలబడేదానికి? నీకు పనీపాటా లేదా?" అంది. తింటున్నవాళ్ళు నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

నాలుగో రోజు మునిప్రసాద్ అక్కడే ఉన్నాడు. వాడికి విసుగొచ్చింది. "ఒక్క నిమిషం ఎత్తితే అయిపాయ కదమ్మా. మామ ఎన్నిసార్లు తిరగాల?" అన్నాడు. దేవకమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె అలా ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

రసూల్ ఆమె వైపు చూశాడు. తర్వాత సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"వద్దులే అప్పా. గోడ కొలుచుకుంటా" అన్నాడు.

నాకు పొలమారింది. నాయబ్ రసూల్ గోడ కొలవడమేమిటి? ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆయన మాత్రం టేపు తీసి, అందరిలాగే గోడ కొలుచుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కముందే స్టాండు బిగించాడు. తళతళలాడుతున్న స్టీలు, చక్కటి అరలు, అంతా బ్రహ్మాండం. అయితే పైఅర ఉండాల్సిన చోటుకు అడుగున్నర కింద ఉంది. ప్లేట్లు రొమ్మెత్తున, గ్లాసులు నడుము దగ్గర. మునిప్రసాద్ వచ్చి చూసి, "ఏంది మామా ఇది, బాలవాడీకి చేసినావా?" అన్నాడు.

రసూల్ తల గోక్కున్నాడు. "పొరపాటైపోయినాదప్పా. టేపు ముందర ముక్క అడుగున్నర తెగిపోయినట్టుండాది. సూసుకోలేదు" అని తెగిన టేపు తీసి చూపించాడు.

దేవకమ్మ మొదలుపెట్టింది. కళ్ళు నెత్తికెక్కాయా అంది, ముప్పై ఏళ్ళ అనుభవం ఏట్లో కలిపావంది, నీ చేత కోళ్ళ గూడు కూడా చేయించకూడదంది. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "సరేలే, బిగించేసినాడు కదా. ఉండనీ" అంది. మునిప్రసాద్ ఒప్పుకోలేదు, పైకి జరపాల్సిందే అన్నాడు. పాత గోడ, ఒక్కసారే అంత పైన తొలిస్తే సున్నం పెళ్ళలు ఊడి సాంబార్లో పడతాయి, మెస్సుకు నెలకొక రోజు సెలవు కదా, ఆ రోజు వచ్చి కొంచెం కొంచెంగా జరుపుతానన్నాడు రసూల్.

ఊరికి పండగ దొరికింది. మనుషుల్ని కొలిచేవాడు గోడ దగ్గర బోల్తా పడ్డాడని టీ అంగళ్ళలో చెప్పుకుని నవ్వారు. ఆ కథ నలుగురికీ మోసింది నేనే, దాచడమెందుకు. మూడు రోజులు మహా సంతోషంగా గడిచాయి. నాలుగో రోజు ఒక మేస్త్రీ నా అంగడికి వచ్చి టేపు చేతిలో తిప్పి చూసి, "నీ టేపులు తెగిపోతాయంట కదా" అని పెట్టేసి పోయాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ టేపు రసూల్ నా దగ్గర తీసుకుని నెల కూడా కాలేదు.

మంటెత్తిపోయి గోడ అవతలికి వెళ్ళాను. నీ తప్పుకు నా సరుకు పేరు చెడగొడతావా అని కడిగేశాను. ఆయన ఇనుప బద్దీలు సర్దుకుంటున్నాడు. ఆ బద్దీల పక్కనే టేపు ముక్క కనిపించింది. అడుగున్నర ఉంది. తీసి చూస్తే అంచు నున్నగా ఉంది. తెగిన టేపు కాదు, రేకులు కోసే కత్తెరతో కత్తిరించిన టేపు.

"ఇదేంది రసూలు?" అన్నాను.

ఆయన బయటికి తొంగి చూసి నన్ను లోపలికి లాగాడు. "అక్క కొప్పు సూసినావా ఎప్పుడన్నా?"

టేపుకూ కొప్పుకూ ఏం సంబంధమన్నాను.

"ఇన్నేండ్లు నడినెత్తిన ఉండె. రెండు నెలలనుంచి మెడ మీదికి దిగినాది. చెయ్యి పైకి లేస్తే కదా శేఖరా కొప్పు పైన పెట్టుకునేది? భుజం పట్టేసుకున్నాది ఆయమ్మకు. ఆ పిల్లోని ముందర చెయ్యెత్తమంటే యాడ ఎత్తుతాది?"

మనుషుల చేతులు కొలిచి కొలిచి ఈయనకు ఆ చూపు వచ్చేసింది. రెండు నెలలు అదే మెస్సులో అదే బల్ల మీద తిన్నవాణ్ణి, నాకు ఊరిబిండి తప్ప ఏమీ కనిపించలేదు. సిగ్గేసింది. ఆ రోజు ఎంత గట్టిగా నవ్వానో గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

ఇలాంటి భుజానికి డాక్టర్లు గోడ మీద వేళ్ళు పాకించమంటారని, రోజుకు కొంచెం కొంచెం పైకి పోవాలని, ఆయన తమ్ముడికి వచ్చినప్పుడు తెలిసిందట. ప్లేట్లు చేతికి అందీ అందనంత ఎత్తులో ఉంటే దినానికి నూరుసార్లు చెయ్యి దానంతటదే లేస్తుంది, ఎవరికీ చెప్పుకునే పని లేదు. నెలకు రెండు వేళ్ళ మందం పైకి జరిపితే ఏడాదికి సరిపోతుందని లెక్క వేసుకున్నాడు.

"ఆమెకు చెప్పినావా?"

"యాడ చెప్పేది? తిడతాది."

ఆ తిట్లలో సగం థాంక్సే అయి ఉంటుందని నాకు అప్పుడు తోచింది. ఇక ఈ కథ ఊళ్ళో చెప్పడం మానేస్తానని మాటిచ్చాను. ఆయన కంగారుపడ్డాడు.

"మానొద్దు. నువ్వు నవ్వేది ఆపితే పిల్లోనికి అనుమానమొస్తాది. నవ్వతానే ఉండు. ఇంకో మాట, నేను ఆడోళ్ళ కొప్పులు సూస్తా ఉంటానని మా ఇంటామె జైనబ్ చెవిన పడనీకు. భుజం కాదు, నా నడుమే పట్టేస్తాది."

అలా ఏడాదిపాటు నేను నాయబ్ రసూల్‌ను చూసి పనిగట్టుకుని నవ్వాను. నాకు నవ్వు రానప్పుడు ఆయనే మోచేత్తో పొడిచేవాడు. నా టేపుల అమ్మకం మునిగిపోయింది, అది ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ప్రతి నెలా సెలవు రోజు ఆయన డ్రిల్లు పట్టుకుని వెళ్ళి స్టాండును రెండు వేళ్ళు పైకి జరిపేవాడు. దేవకమ్మ పక్కన నిలబడి తిట్టేది. ఒకసారి పొరపాటున మూడు వేళ్ళు జరిపితే ఆ తిట్టు వేరేగా ఉంది. వెంటనే మళ్ళీ కిందికి దించాడు. మునిప్రసాద్ తల పట్టుకున్నాడు. వంటకు అడ్డమొచ్చిందని దేవకమ్మ ఒక్కరోజు కూడా మెస్సు మూయలేదు. బేకరీవాళ్ళు చూసి చూసి వేరే వీధిలో గది తీసుకున్నారు.

మొన్న పన్నెండో సెలవు అయిపోయింది. మరునాడు మధ్యాహ్నం మేమిద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. స్టాండు ఎక్కడ ఉండాలో అక్కడికి చేరింది. దేవకమ్మ ఎవరితోనో కూరగాయల గురించి వాదిస్తూనే కుడిచెయ్యి తిన్నగా పైకెత్తి, పైఅరలోంచి ఆవకాయ జాడీ దించింది. ఆ చెయ్యి చెవిని దాటి పైకి వెళ్ళింది. అంతమంది తింటున్నారు, ఒక్కరూ తల ఎత్తలేదు. రసూల్ చూశాడు. నేనూ చూశాను, ఈసారి మళ్ళీ నడినెత్తికెక్కిన కొప్పుతో సహా.

మునిప్రసాద్ వచ్చి స్టాండును కిందనుంచి పైదాకా చూసి, రసూల్ ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒక స్టాండు బిగించేదానికి ఏడాది పట్టినాది మామా నీకు. పెద్దోడివి, చెప్పకూడదు గానీ, ఇంకోసారి పని ఒప్పుకునే ముందు కొలతలు తీసుకునేది నేర్చుకో."

దేవకమ్మ జాడీతో వచ్చి రసూల్ ప్లేట్లో ఆవకాయ వేసింది. ఆగి, ఇంకొంచెం వేసింది.

"నేర్చుకుంటానప్పా" అన్నాడు నాయబ్ రసూల్, సంగటి ముద్ద తుంచుకుంటూ.