డబ్బా బరువు తెలిసిన చెయ్యి

"ఈరోజు ఆటో రాదు" అని ఆ పొద్దున ఆరున్నరకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా బోయిగూడ నుంచి ఒకే ఆటోలో పిల్లల్ని బడికి పంపే ఏడిళ్లవాళ్లం ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో, ఆటో తాత నంబరు నుంచే వచ్చింది. నిజం చెప్తాను, నాకు మొదట వచ్చింది విసుగు. పొయ్యి మీద ఉప్మా ఉంది. మా అమ్మాయి మేఘన ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోదాని కోసం మూడు గదులూ తిరుగుతోంది. తొమ్మిదిన్నరకల్లా నేను రాంగోపాల్‌పేట్‌లో ఆఫీసులో ఉండాలి, సాయంత్రం నాలుగింటికే వదిలే ఉద్యోగం అది. "నిన్ననే చెప్పొచ్చు కదా ఈ మనిషి" అని పైకే అన్నాను. పావుగంట తర్వాత రెండో మెసేజ్ వచ్చింది. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చి మామ పోయిండని ఆయన అల్లుడు రాశాడు.

పొయ్యి కట్టేశాను. మేఘన ఇంకా సాక్సు వెతుకుతూనే ఉంది. కాసేపు వెతకనిచ్చాను. ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. పిల్లలకు ఆటో తాత, మాకూ ఆటో తాతే. మేఘన మూడో తరగతి నుంచి ఇప్పుడు ఎనిమిదో తరగతి దాకా ఆయన ఆటోలోనే బడికి వెళ్లింది. అంతకుముందు ఇద్దరు ఆటోవాళ్లు "ఈ పిల్లతోటి మాతోని కాదు మేడం" అని చేతులెత్తేశారు. ఒకరి ఆటోలోంచి సిగ్నల్ దగ్గర దిగిపోయింది. ఇంకొకరి ఆటోలో పక్కపిల్ల జడలు రెండూ సీటు కమ్మీకి కట్టేసింది. అప్పటికే డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పింది. కాలు నిలవదు, ధ్యాస నిలవదు, నోరు ఆగదు. ఆ పేరు తెలియనన్నాళ్లూ మా బంధువులు దాన్ని అల్లరి అన్నారు, ఇంకొందరు నా పెంపకం అన్నారు. పేరు తెలిశాక కూడా అన్నారు.

మొదటిరోజు ఆటో తాతకు అంతా ముందే చెప్పేశాను, తర్వాత తిట్టించుకోవడం కంటే అదే నయమని. కుదురుగా కూర్చోదు, ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది అన్నాను. ఆయన భుజం మీది తువాలుతో అద్దం తుడుస్తూ, "ఆటో సుత కదుల్తనే ఉంటది కదమ్మా. దీంట్ల కదలకుంట కూసునేటోళ్లకే తక్లీఫు" అన్నాడు.

ఆమెను అణిచి కూర్చోబెట్టే ప్రయత్నం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. పని అప్పజెప్పాడు. ఆటోకు రెండు పక్కలా బ్యాగులు తగిలించే కొక్కేలుంటాయి. ప్రతి ఇంటి ముందూ బ్యాగులు లెక్కబెట్టి, "తాతా, రైట్" అని అరవడం మేఘన డ్యూటీ. ఆమె చెప్పకపోతే బండి కదిలేది కాదు. ఆయన ఆమెను కండక్టరమ్మా అనేవాడు. ఇంట్లో పెన్సిల్ బాక్సు రోజుకోచోట మరిచిపోయే పిల్ల, ఆ ఆటోలో ఒక్క బ్యాగు కూడా పోనివ్వలేదు.

లంచ్ డబ్బాలు మాత్రం ఆయనే తగిలించేవాడు. ఆటో కొనకముందు చాలా ఏళ్లు మార్కెట్లో కూరగాయలు తూచిన చెయ్యి అది. సాయంత్రం బడి దగ్గర ఒక్కొక్క డబ్బా అందుకుని, అరచేతి మీద పెట్టి, క్షణం ఆగి, "నువ్వు ఇయ్యాల దొండకాయ తినలే" అని పిల్లల్ని ఆటపట్టించేవాడు. "నా చెయ్యే తరాజు" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్లం.

ఆరో తరగతిలో మాత్ర మొదలైంది. పొద్దున టిఫిన్ తర్వాత ఒకటి. మొదట పెద్ద తేడా కనబడలేదు, డాక్టరమ్మ మోతాదు పెంచింది. పెంచిన కొద్ది వారాలకే మా ఇంట్లో ఎన్నడూ జరగనివి జరిగాయి. నేను అరవకుండా హోంవర్కు పూర్తయింది. డైరీలో ఎర్రసిరా రాతలు ఆగాయి. అర్ధవార్షిక పరీక్షల్లో లెక్కలకు తొంభై ఒకటి వచ్చింది. క్లాసు టీచరు నన్ను పిలిపించి, మొట్టమొదటిసారి, కూర్చోమని కుర్చీ చూపించింది. అన్నేళ్లూ నిలబడే తిట్లు తిన్నదాన్ని, గుమ్మం దగ్గర మేఘన చూస్తుండగానే ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆటో తాత గేటు దగ్గర నాతో, "మా కండక్టరమ్మ మాట్లాడ్తలేదమ్మా. రైట్ సుత చెప్తలేదు. ఎనక సీట్ల కూసొని బయటికి చూస్తున్నది" అన్నాడు. పెద్దదవుతోంది కదా తాతా అని నవ్వేశాను. నిజానికి ఇంట్లోనూ అంతే, కుక్కిన పేనులా ఉండేది. అన్నేళ్ల గోల తర్వాత ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఈ మందుతో నిద్ర, ఆకలి తగ్గొచ్చని నెలనెలా డాక్టరమ్మ ఒక కాగితం నింపమనేది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని. డబ్బా రోజూ ఖాళీగా వస్తోంది కాబట్టి ఆకలి దగ్గర "బాగుంది" అని రాసేదాన్ని. రాత్రిపూట రెండు ముద్దలకే కంచం ముందునుంచి లేచిపోయేది. మధ్యాహ్నం కడుపునిండా తిన్నదిలే అనుకునేదాన్ని. కానీ యూనిఫాం స్కర్టు నడుం దగ్గర వదులైంది. నేనే పిన్నీసు పెట్టాను. నెల తిరక్కుండా ఆ పిన్నీసును ఇంకో రెండు వేళ్లు లోపలికి జరిపాను. తల్లి కడుపు చూస్తుందంటారు. నేను ప్రోగ్రెస్ కార్డు చూశాను.

మళ్లీ ఆటో తాతే చెప్పాడు. ఈసారి ఆటో ఆపి, దిగి, గేటు దాకా వచ్చాడు.

"అమ్మా, ఏమనుకోకున్రి. బిడ్డ డబ్బా బడికాడ నా చేతికొచ్చినప్పుడు పొద్దుటి బరువే ఉంటున్నది. మీ ఇంటికొచ్చేసరికి అల్కగైతున్నది. నడుమల ఇంకో బడికాడ పిల్లల కోసం ఆగుతం కదా, ఆడ కుక్కకు పెడ్తున్నది. ఒక్కరోజైతే దయ అనుకుంటి. రోజూ గదే."

"కుక్కకు పెడితే తప్పేంటి? తినగా మిగిలింది పెడుతుందేమో" అన్నాను.

"తింటలేదమ్మా. అసలే తింటలేదు."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంత మండిందో అప్పుడే తెలుసు నాకు. ఆయన చెప్పింది నిజమైతే మాత్ర మారుతుంది, మాత్ర మారితే ఆ తొంభై ఒకటి పోతుంది, ఆ కుర్చీ పోతుంది.

"మీరు ఆటో నడిపే పని చూసుకోండి చాలు. నా కూతుర్ని నేను చూసుకుంటాను" అన్నాను. మా పక్కింటావిడ వరండాలోంచి వింటోంది. అయినా అన్నాను.

ఆయన తువాలు సర్దుకున్నాడు. "మందు బందు చెయ్యమంటలేనమ్మా. మందుతోని బిడ్డకు చదువొస్తున్నది, నాకు కనబడ్తలేదా? జెర డాక్టరమ్మకు నిజం చెప్పున్రి. గంతే" అని వెళ్లిపోయాడు.

మర్నాడు రాడేమో అనుకున్నాను. ఎప్పటిలాగే ఏడుంబావుకు రెండుసార్లు హారన్ కొట్టాడు. డబ్బా అందుకున్నాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

ఆ శనివారమే మేఘనను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. బరువు చూస్తే మూడున్నర కిలోలు తగ్గింది. ఆవిడ నేను నింపిన కాగితాలు తిరగేసి, "ఆకలి బాగుందని రాశారు కదండీ?" అంది. నేను మేఘన నడుం దగ్గర పిన్నీసు తీసి బల్ల మీద పెట్టాను. స్కర్టు జారిపోకుండా పిల్ల రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "ఆకలే వెయ్యదమ్మా. చెప్తే మాత్ర ఆపేస్తారు, మళ్లీ మార్కులు రావు, నువ్వు మళ్లీ ఏడుస్తావు" అంది. కుర్చీలో నేను ఏడ్చింది సంతోషంతో అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అన్నీ చక్కబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. మోతాదు తగ్గించారు, మార్కులు దిగాయి. మందు మార్చారు, నిద్ర పోయింది. ఇంకోటి ఇచ్చారు, అది ఒంటికి పట్టడానికి వారాలు పట్టింది, ఈలోగా టీచరు కుర్చీ చూపించడం మానేసింది. నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఆ రోజులన్నిటిలోనూ సాయంత్రం నాలుగున్నరకు గేటు దగ్గర ఒక మాట మాత్రం తప్పకుండా వినబడేది. "ఇయ్యాల సగం." "ఇయ్యాల ముప్పావు." "ఇయ్యాల పరేషాన్ గాకున్రి, మొత్తం ఊడ్చింది." నేను ఆ మాటలే కాగితం మీద రాసి తీసుకెళ్లేదాన్ని. కొన్నాళ్లకు డాక్టరమ్మ నా రాతలు పక్కనపెట్టి, "మీ ఆటో ఆయన ఏమంటున్నారు?" అని అడగడం మొదలుపెట్టింది.

ఏడో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మేఘనకు లెక్కల్లో డెబ్బై నాలుగు. తొంభై ఒకటి కాదు. కానీ ఆ పొద్దున ఆటోలోంచి వీధంతా వినబడేలా "తాతా, రైట్" అని అరిచింది. సాయంత్రం ఆయనకు మైసూర్‌పాక్ పొట్లం ఇచ్చి, "ఆ రోజు నేనన్నది..." అని మొదలుపెట్టాను. ఆయన నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"చెయ్యి బరువు చూసింది, నోరు చెప్పింది. మీరన్నది నేను ఆడనే ఇడిసిపెట్టిన" అన్నాడు. పొట్లం విప్పి మొదటి ముక్క మేఘనకే పెట్టాడు.

క్షమించమని ఇంకోసారి సరిగ్గా అడుగుదాం అనుకుంటూనే ఏడాది గడిచింది. రోజూ కనబడే మనిషే కదా అనుకున్నాను.

ఆయన పోయిన రోజు ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. సందు మొదట్లో ఆటో నిలిపి ఉంది. మేఘన లోపలికి రాలేదు. ఆటో పక్కన నిలబడి ఖాళీ కొక్కేలు ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుంటూ లెక్కబెట్టింది. మళ్లీ మొదటినుంచి లెక్కబెట్టింది.

నాలుగోరోజు నుంచి కొత్త ఆటో వస్తోంది. మంచివాడే, తొందర మనిషి. పిల్లల్ని ఎక్కిస్తాడు, దింపుతాడు. పది రోజుల క్రితమే మందు మళ్లీ మారింది. రేపో మాపో డాక్టరమ్మ అడుగుతుంది, నా దగ్గర రాయడానికి ఏమీ లేదు.

నిన్న సాయంత్రం మేఘన ఆటో దిగి, లోపలికి పరుగెత్తకుండా గేటు దగ్గరే ఆగింది. బ్యాగులోంచి డబ్బా తీసింది. మూత తియ్యలేదు. అరచేతి మీద పెట్టుకుని, కళ్లు కొద్దిగా మూసి, క్షణం ఆగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, డబ్బా నా అరచేతిలో పెట్టింది.

"పొద్దుటి బరువే ఉందమ్మా" అంది. "రాసుకో."