అరచేతిలో తూచే సారు

బొగ్గు ఉందో లేదో చూడటానికి మా చేనులో బోరు దింపి లోపలి రాయిని పైకి తీయించిన సారు పేరు నాకు తెలియదు. వాళ్ల క్యాంపులో నేను వంట చేసేదాన్ని. ఆయన ప్రతి ముక్కనూ కళ్లు మూసుకుని అరచేతిలో తూచేవాడు. బరువుంటే ఉత్త రాయి, తేలికైతే బొగ్గు.

"ఏంది సారూ, బంగారం తూసినట్టు తూస్తున్నవ్? బరువేనా?" అని రోజూ అడిగేదాన్ని. బొగ్గు పడితే చేను గనికి పోతుంది. ఆ చేను గట్టు మీద ఇప్పచెట్టు కిందనే మా ఆయనను పాతిపెట్టాం.

ఒకరోజు సారు ఒక నల్ల ముక్కను నా చేతిలో పెట్టాడు. పిడక ముక్కంత తేలికగా ఉంది.

"ఇది ఒకప్పటి అడవేనమ్మా. చెట్లు బురదలో కూలి, మట్టి కింద నలిగి, వేడికి తడంతా పోయి, కట్టెలోని కార్బన్ మిగిలింది. కోట్ల ఏళ్లు పట్టింది."

"మరి మా ఇప్పచెట్టు గూడ గట్లనే ఐతదా సారూ? దాని కింద మా ఆయన?"

"అంతకాలం ఎవరూ కదపకూడదు కదమ్మా" అని తల దించుకున్నాడు.

మొన్న జేసీబీ వచ్చి ముందు ఆ చెట్టునే కూల్చింది. సారు ఇచ్చిన ముక్క నా దగ్గరే ఉంది. కళ్లు మూసుకుని తూస్తాను. ఎన్నిసార్లు తూచినా తేలికే.