హనుమంతమ్మ చేతికొచ్చిన పెద్ద అధికారం

హనుమంతమ్మది బత్తలపల్లె దగ్గర చిన్న ఊరు. వాళ్ళ నాయన ఆదెన్న ఆ ఊరి నీరుగంటి, అంటే చెరువు కింది పొలాలకు నీళ్ళు పంచే మనిషి. చెరువు నిండి ఏళ్ళయింది గనుక ఆయనకు పంచడానికి నీళ్ళూ లేవు, పనీ లేదు. ఇంటిల్లిపాదీ ఆమె జీతం మీదే బతికేవారు. 1988లో ఆమె తాడిపత్రి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, లోడింగు సెక్షన్ కంప్యూటర్ ముందు కూర్చునేది. నాది ఎదురు సీటు. గది చల్లగా ఉంటుందనే నేను ఉద్యోగంలో చేరానని ఎగతాళి చేసేది. అందులో కొంత నిజం లేకపోలేదు.

కంప్యూటర్ ఒకటే, తెరలు ఆరు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది, ఎవరి ఫైళ్ళ మీద వాళ్ళకే హక్కు. అన్నిటి మీదా పెత్తనమిచ్చే పెద్ద పాస్‌వర్డ్ మాత్రం గది ఇన్‌చార్జి తిమ్మప్ప గారి ఒక్కరికే తెలుసు.

హనుమంతమ్మకు ఒక అలవాటుండేది. పాత ఫైళ్ళు తీసేయాలంటే ఒక్కొక్క పేరూ కొట్టే ఓపిక లేక, అన్నీ తీసేయమని ఒకే ఆదేశం కొట్టేసేది. మిషను ఆమెవి తీసేసి, మిగతావాళ్ళ వాటికి అనుమతి లేదని చెప్పేది. అదే కాపు కాస్తుంది కదా అని ఆమె ధీమా. మా అందరి ధీమా కూడా అదే.

ఒకరోజు పొద్దున ఆమె ప్రింటు ప్రోగ్రాం తెరిచి, కాగితం మీద జాబితా ఎలా వస్తుందో చూసుకుంటూ, ఆ తెర లోపలి నుంచే తన మామూలు ఆదేశం కొట్టింది. ఈసారి అనుమతి లేదన్న మాట రాలేదు. అందరి ఫైళ్ళూ పోయాయి. ఏ లారీకి ఎంత సరుకో చెప్పే జాబితా కూడా వాటితోనే పోయింది. గేటు దగ్గర ఆగిపోయిన లారీల హారన్లు మా గదిదాకా వినిపించాయి.

తిమ్మప్ప గారు ముందురోజు నకలు తీసి పెట్టుకున్న టేపు నుంచి మధ్యాహ్నానికి అన్నీ తిరిగి ఎక్కించారు. మేనేజరు మాత్రం చల్లబడలేదు. పెద్ద పాస్‌వర్డ్ ఎవరిచ్చారో పేరు చెప్పమని హనుమంతమ్మను నిలదీశాడు, లేకపోతే సాయంత్రానికి ఉద్యోగం ఉండదన్నాడు. ఇవ్వగలిగింది తిమ్మప్ప గారొక్కరే కదా! అది అందరికీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవురూ ఇయ్యలేదు సార్. కొట్టింది నేనే, తప్పు నాదే," అంది హనుమంతమ్మ. "దినమూ నా మాట ఇనని మిషను ఈ పొద్దు యాల ఇనింది? మళ్ళా కొట్టి చూపిస్తా, చూడండి."

తిమ్మప్ప గారు తన పేరు మీద ఒక ఖాళీ ఫైలు పెట్టి, దాన్ని తీసేయమని ఆమెకు చెప్పారు. మామూలు తెర మీద కొట్టింది, అనుమతి లేదంది మిషను. ప్రింటు ప్రోగ్రాం లోపలి నుంచి కొట్టింది, ఫైలు మాయమైంది.

ఆయనకు సంగతి అర్థమైంది. ప్రింటరును నడపాలంటే పెద్ద అధికారం కావాలి. అందుకని తయారుచేసినవాళ్ళు ఆ ప్రోగ్రాంకు, ఎవరు నడిపినా సరే, ఆ అధికారం కట్టబెట్టారు. దాని లోపల కూర్చుని ఇంకే ఆదేశం కొట్టినా అదే అధికారంతో నడుస్తోంది. ఇదంతా ఆయన నిదానంగా చెప్పినా మేనేజరు తలకెక్కలేదు.

"మా నాయన ఒకతూరి తూము తీసే కడ్డీ ఒక రైతుకిచ్చినాడు సార్, నీ మడికి నీళ్ళు కట్టుకోని తెచ్చియ్యప్పా అని," అంది హనుమంతమ్మ. "ఆయప్ప అవతలి తూమూ తీసేసినాడు. కడ్డీ ఎవురి చేతిలో ఉండాదో తూముకేం తెలుస్తాది? ఆ పొద్దు నుంచి నాయన కడ్డీ ఎవురికీ ఇయ్యలేదు. తానే పోయి నీళ్ళు ఇడిసేటోడు."

"మనమూ అదే చేద్దాం," అన్నారు తిమ్మప్ప గారు.

సాయంత్రానికల్లా ప్రింటు ప్రోగ్రాం నుంచి ఆ అధికారం తీసేశారు. సరిచేసిన ప్రోగ్రాం టేపు బెంగళూరు నుంచి వచ్చేదాకా ఎవరికి ప్రింటు కావాలన్నా పెద్ద పాస్‌వర్డ్‌తో ఆయనే వేసివ్వాలి. అందరం గొణిగాం. మేనేజరు కూడా ఆయన కుర్చీ పక్కన నిలబడి తన కాగితాల కోసం కాచుకున్నాడు. హనుమంతమ్మకు క్షమాపణ అయితే చెప్పలేదు గానీ, ఉద్యోగం జోలికి పోలేదు.

టేపు ఇంకా రాకముందే తిమ్మప్ప గారికి ఊరెళ్ళాల్సిన పని పడింది. తాను లేనప్పుడు ప్రింట్లు వేసే పని హనుమంతమ్మకు అప్పజెప్పి, పెద్ద పాస్‌వర్డ్ చెప్పబోయారు. ఆమె రెండు చెవులూ మూసుకుంది.

"నాకొద్దు సార్. ప్రింటు పని మటుకే అయ్యేటట్టు ఏమన్నా చేసి పోండి."

"నీ మీద నాకు నమ్మకముండాదమ్మా."

"నాకూ ఉండాది సార్. కానీ మళ్ళా ఏమన్నా పోతే, ఈతూరి ఎవురిచ్చినారంటే మీ పేరు చెప్పాల్సొస్తాది."

తిమ్మప్ప గారు అప్పటికే సంచి భుజాన వేసుకుని ఉన్నారు. ఆ సంచి దించి, మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని, ప్రింటు తప్ప మరేదీ చేయలేని పాస్‌వర్డ్ ఒకటి ఆమెకు పెట్టిచ్చారు. ఈలోపు ఆయన బస్సు వెళ్ళిపోయింది.