ఐలయ్య గోడకు కళ్లు పెట్టిన రోజు

1998లో కొండాపూర్ రోడ్డు పక్కన ఒక కంప్యూటర్ కంపెనీ కట్టడం లేస్తుంటే, నేను అక్కడ కూలీల హాజరు వేసేవాణ్ణి. ఐలయ్య నాకు అక్కడే పరిచయం. గోడల మీద ఎన్నికల రాతలు రాసుకుని బతికేవాడు. భార్య చంద్రమ్మ మా సైటులోనే తట్టలు మోసేది.

అతను పుట్టింది నకాషీల ఇంట్లో. గుడ్డ మీద ఎర్రరంగు పరిచి, కులపురాణాలను వరస బొమ్మలుగా వేసే వంశం. ఆ పటాలు చూపిస్తూ ఊరూరా కథ చెప్పేవాళ్లు తగ్గిపోయారు. పటం అడిగే దిక్కు లేక పన్నెండేళ్లుగా ఐలయ్య బొమ్మ ముట్టలేదు. ఆ సంగతి ఎత్తితే ముఖం తిప్పుకునేవాడు.

మా ఇంజనీరు పార్థసారథిగారు ప్రహరీ గోడ మీద కంపెనీ పేరు రాయమన్నారు. "మిగిలిన చోట ఏదో ఒక బొమ్మ వెయ్యవయ్యా, జనం మూత్రం పోయకుండా ఉంటారు" అని నోరు జారారు. అంతే! కార్లకు రంగు కొట్టే షెడ్డు నుంచి స్ప్రే గన్ అడిగి తెచ్చి గోడంతా ఎరుపు చేసేశాడు ఐలయ్య. దాని మీద పటంలో లాగే వరసలుగా మనుషులు. కంకర కలిపేవాళ్లు, రాడ్లు కట్టేవాళ్లు, నెత్తిన తట్టలతో ఆడవాళ్లు. ప్రతి మనిషి కింద ఎన్నికల అభ్యర్థి పేరంత లావు అక్షరాలతో, నీడ వేసి మరీ, వాళ్ల పేర్లు. పది రోజులు పట్టింది. ఎవరికీ కళ్లు మాత్రం పెట్టలేదు.

మర్నాడు కంపెనీ పెద్దసార్లు వస్తారనగా, ఇంకా కళ్లు లేకపోవడం చూసి పార్థసారథిగారు అదిరిపడ్డారు.

"ఇదేంటయ్యా, గుడ్డి బొమ్మలు! సాయంత్రంలోగా కళ్లు పెట్టు. లేదంటే సున్నం కొట్టిస్తాను."

"పటం ఎవరిదో వాళ్లు ముంగట నిలబడితేనే కండ్లు తెరుస్తం సార్. మా తాతల కాలం నుంచి గంతే."

"నిలబడ్డానుగా! కంపెనీ తరఫున నేనేగా!"

ఐలయ్య కుంచె కింద పెట్టాడు. "పటం కంపెనీది గాదు సార్. బొమ్మల్ల ఉన్నోళ్లది."

నాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్ల తర్వాత వేసిన బొమ్మను పంతానికి పోయి పోగొట్టుకుంటాడా? సున్నం డ్రమ్ము కూడా వచ్చేసింది. ఇక లాభం లేదని, పావుగంట ముందే అన్నం గంట కొట్టి కూలీలందరినీ గోడ దగ్గరికి తోలుకొచ్చాను.

మేస్త్రీ శ్రీనివాసులు కొబ్బరికాయ కొట్టాడు. ఐలయ్య ఒక్కొక్కరి పేరూ పిలవడం, ఆ మనిషి ముఖంలోకి చూడడం, బొమ్మకు కళ్లు పెట్టడం. మొదట వేళాకోళాలాడిన వాళ్లు కూడా తమ వంతు వచ్చేసరికి చెప్పులు విడిచి ముందుకొచ్చారు.

చివరికి చంద్రమ్మ మిగిలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది.

"నాకెందుకయ్యా? నేనేమన్న దేవతనా?"

"జర ఇటు సూడు."

రెండు గీతలు, రెండు చుక్కలు. ఆమె గోడవైపు చాలాసేపు చూసింది.

"నేను గిట్ల ధైర్యంగ సూస్తనా?"

"రోజూ సూస్తవ్. నీకే ఎర్కలేదు."

సున్నం కొట్టే మనిషి బకెట్టు ముంచబోతే పార్థసారథిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. వెనక గోడకు కొట్టుకోమన్నారు. తర్వాత ఐలయ్య దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, "రేపు పెద్దసార్లు వచ్చినప్పుడు వీళ్లెవరో మీరే దగ్గరుండి చెప్పాలండీ" అన్నారు. పది రోజులుగా ఐలయ్యను 'ఏమయ్యా' అని తప్ప పిలవని మనిషి! ఐలయ్య తలగుడ్డలో ముఖం దాచుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, నేను దాచుకోలేదు.