తువ్వాల చుట్టిన మైకు

మైక్‌సెట్లు కిరాయికి ఇచ్చే నాకు సభలంటే మొదట్నుంచీ పెద్ద గౌరవం లేదు. స్టేజీ మీద వాళ్లు ఏం చెప్పినా నలుగురికీ వినపడేలా చేయడమే నా పని, అది వినదగ్గదా కాదా అన్నది నాకనవసరం. నకిరేకల్ నుంచి బాక్సులు ఆటోలో వేసుకుని, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోయేవాణ్ణి.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మర్రిగూడ వైపు ఒక ఊళ్లో నీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవానికి పిలిచారు. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి నడుములు వంగిపోయినవాళ్లు ఆ వైపు చాలామందే ఉంటారు. అలాంటి ఒక అవ్వతో, ట్యాంకు ప్రారంభించే నాయకుడి ముందు నాలుగు మంచి మాటలు చెప్పించాలని ఊరి పెద్దలు అనుకున్నారు. నేను వైర్లు పరుస్తుంటే ఆమె వచ్చి నా పక్కనే కూలబడింది.

"గీళ్లు దండం పెట్టి దిగుమన్నరు బిడ్డా. నేను గట్ల దిగ. నీళ్ల నల్లా ఊర్లకు వచ్చింది గని మా వాడకు రాలే. గా ఒక్క మాట ఆయన చెవులేస్త" అంది.

"ఎయ్యి అవ్వా, గట్టిగనే ఎయ్యి. మైకు నాది, ఫికర్ చెయ్యకు" అన్నాను నవ్వుతూ.

మా పనిలో ఒక ఆచారం ఉంది. స్టాండుకున్న వైరు మైకుకు నాయకుడు మాట్లాడటానికి లేచేదాకా తువ్వాల చుట్టి ఉంచుతాం. వేరే నోరు దానికి తగలకూడదు. మిగతా వాళ్లందరికీ చేతిలో పట్టుకునే కార్డ్‌లెస్సే. వైరు మైకు మొరాయించదు. కార్డ్‌లెస్‌కు గాలే దారి, ఆ దారిలో ఇంకొకరు అడ్డొస్తే అంతే సంగతులు. పొద్దున ఆ కార్డ్‌లెస్‌ను మూడుసార్లు చూసుకున్నాను, గంటలా మోగింది.

నాయకుడితోపాటు టీవీల వాళ్లు దిగారు, తలా ఒక కార్డ్‌లెస్ మైకుతో. అవ్వ కార్డ్‌లెస్ పట్టుకుని నోరు తెరవగానే బాక్సుల్లో గరగర మొదలైంది. "నల్లా" అంటే గర్రుమంది, "మా వాడకు" అంటే కీచుమంది. మధ్యలో ఎవరో యాంకరు గొంతు కూడా దూరింది. నాది చవక సెట్టు, ఫ్రీక్వెన్సీ మార్చే వీలు లేదు. టీవీల వాళ్ల దగ్గరికి పరుగెత్తి, జర మీ మైకులు ఆపండని బతిమాలాను. మాది కాదంటే మాది కాదన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

తువ్వాల మైకు ఆమెకు పది అడుగుల దూరంలోనే ఉంది. వైరు చాలినంత పొడవుంది. ఊడదీసి ఆమె చేతికిస్తే అయిపోయేది. ఇది తర్వాత తట్టిన ఆలోచన కాదు, నాకు అప్పుడే తెలుసు. మైకు మీద చెయ్యి కూడా వేశాను. ఊరి పెద్ద నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పిరికివాణ్ణి, చెయ్యి తీసేశాను.

ఆమె మాత్రం చెప్పాలనుకున్నదంతా చెప్పింది. నాయకుడు చిరునవ్వుతో చప్పట్లు కొట్టాడు, ఆయన్ను చూసి జనమూ కొట్టారు. తర్వాత ఆయన వైరు మైకు ముందు నిలబడి, "అవ్వ సంతోషం చూసిండ్రా" అన్నాడు. ఆ మాట ఊరవతలికి కూడా స్పష్టంగా వినపడింది.

సభ అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే అవ్వ వచ్చింది.

"గరగరమన్నది గద బిడ్డా, నా మాట ఇనవడ్డదా?"

"ఇనవడ్డదవ్వా" అన్నాను. నిజం చెప్పే ముఖం నాకు లేదు.



"ఇనవడ్డంక గూడ సప్పట్లు కొట్టిండ్రా?" అంది.