రెండున్నర మీటర్ల గుంత

మట్టి పనిలో ఒక నియమం ఉంది. ఛాతీ లోతు దాటిన గుంతలోకి, పక్క గోడలకు పలకలు బిగించనిదే ఎవరూ దిగకూడదు. దీన్ని పరీక్షలో రాశాను. కూలీలకు చెప్పాను. నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి కింద గీత కూడా గీసుకున్నాను. చెరకు కోతల కాలంలో ఒక రోజు, బోధన్‌కు పడమరగా మంజీర గట్టు మీద, పొద్దున పదకొండు దాటాక ఆ నియమం తప్పాను. ఐదు నిమిషాల కోసమే అనుకున్నాను.

పని చిన్నదే. అక్కడ నదికి అవతలి గట్టు మహారాష్ట్ర. జనం ఎండాకాలం ఇసుకలో నడిచి దాటుతారు, నీళ్లున్నప్పుడు చుట్టూ తిరిగిపోతారు. వంతెన కట్టాలన్న ఆలోచన ఉంది. వంతెన మీదికి రోడ్డు ఎక్కే చోట మన వైపు గట్టు నిలుస్తుందా, నదిలోకి జారుతుందా అన్నది చూసి రాయాలి. నిజామాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో నాది జియాలజిస్టు ఉద్యోగం. నా ఒక్కడికే అప్పగించిన మొదటి పని ఇది.

ఆ గట్టు మీద పైన నల్లరేగడి, కింద పసుపు రంగు సుద్దమట్టి, ఇంకా కింద రాయి. రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, అందులో వింత లేదు. ఎండకు విచ్చిన నెర్రెలు వలలాగా అన్ని దిక్కులకూ పోతాయి. కానీ గట్టు అంచుకు నాలుగు మీటర్ల వెనక ఒక నెర్రె, నదికి సమాంతరంగా, ఒకే గీతలా పది మీటర్లు పోయింది. అది ఎండ పనా, గట్టు కదలడం మొదలైందా అన్నది తేలాలంటే పక్కన గుంత తవ్వి పొరలు చూడాలి.

పొద్దున్నే జేసీబీ వచ్చి తవ్వి, వేరే పనికి వెళ్లిపోయింది. మేం తెచ్చిన పలకలు పొట్టివని తేలింది. వాటిని మార్చుకురావడానికి డ్రైవరన్న బోధన్ వెళ్తూ, "సార్, నేనొచ్చేదాంక దిగకుండ్రి" అని మరీ చెప్పాడు. అది నేనే ఆయనకు నేర్పిన మాట.

కానీ ఎండ గుంత గోడ మీద ఏటవాలుగా పడినప్పుడు, అడుగుకు కొంచెం పైన, పసుపు మట్టిలో ఒక సన్నటి గీత అద్దంలా మెరిసింది. మట్టి మీద మట్టి జారితే అలా నున్నబడుతుంది. నేను వెతుకుతున్నది అదే. ఎండ జరిగిపోతే కనిపించదు. ఒక ఫోటో, గుప్పెడు మట్టి చాలు. వెదురు నిచ్చెన వేసుకుని దిగాను. ఫోటో తీశాను. రెండోది తీస్తుండగా నెర్రె వైపు గోడ కూలింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా దించినట్టు ఒక్క శబ్దం. దుమ్ము తగ్గాక, అలవాటు కొద్దీ, లెక్క వేసుకున్నాను. నడుము దాకా మట్టి. ఊపిరి ఆడుతోంది. ఎడమ మోకాలు నొప్పి, వేళ్లు మాత్రం కదులుతున్నాయి. నిచ్చెన మట్టిలో. ఫోన్ మట్టిలో. ఇక, కూలకుండా మిగిలిన పై గోడ నా మెడ వెనక ముందుకు వంగి ఉంది. ఆఖరిదాన్ని లెక్కలో చివరికి నెట్టానని నాకు తెలుసు.

"సారూ! ఏం సప్పుడది?"

గుంత తవ్విన పొలం రైతు తల్లి. గుంతకు పాతిక అడుగుల దూరంలో, మోటరు షెడ్డు నీడలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. మూడు రోజులుగా నా పని చూస్తూ, నవ్వుతూ, ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. కొడుకు ఆ రోజు వర్నిలో అత్తగారింటికి పోయాడు.

"అవ్వా, దగ్గరికి రాకు! అంచు మీదికి రావద్దు!"

"వచ్చి ఏం సేస్త? బతికున్నవా?"

"ఉన్న. నడుం దాంక మట్టి వడ్డది."

"మరి గంత మెల్లగ సెప్తవేంది, పెండ్లి సంబంధం మాట్లాడినట్టు?"

గట్టిగా అరిస్తే మట్టి రాలుతుందని నాకు భయం. ఇందులో శాస్త్రమేమీ లేదు. అయినా అరవలేదు.

"ఫోనున్నదా అవ్వా?"

"నాకెందుకు ఫోను? నేనెవల్తోని మాట్లాడాలె?"

పక్క చేను అవతలి కొసన చెరకు కొడుతున్నారు. అంత దూరం నుంచీ ట్రాక్టరులో పెట్టిన పాటలు నాకు వినిపిస్తున్నాయి. వాళ్లను పిలవమన్నాను. అవ్వ పిలిచింది. చాలాసేపు పిలిచింది.

"వస్తున్నరా?"

"కోతకొచ్చినోళ్లకు పాటలల్ల ఇనవడ్తలేదు. గాడ నిలవడ్డాయన మా మరిది. ఆయనకు ఇనవడ్డది. నా గొంతని అటు దిక్కు తిరిగిండు."

"ఎందుకు?"

"మాకు మాటల్లేవు. పదేండ్లాయె. ఒడ్డు పంచాయితి."

రెండు చేన్ల మధ్య ఉండే ఒక మూర వెడల్పు ఒడ్డు కోసం పదేళ్లుగా మాటలు లేవు. నా మెడ వెనక మట్టి కొంచెం కొంచెంగా రాలుతోంది. డ్రైవరన్న రావడానికి ఎంత లేదన్నా గంటన్నర.

చేతులతో ముందున్న మట్టి తీసి పక్కకు వేయడం మొదలుపెట్టాను. రేగడి పెళ్లలు ఇటుకల్లా ఉన్నాయి. ఎత్తి వేయడానికి చోటు లేదు. తీసినదంతా తిరిగి నా మీదికే దొర్లుతోంది. పది పెళ్లలు తీస్తే ఎనిమిది వెనక్కి వచ్చాయి. కాళ్లు లాగి చూశాను. గంబూట్లను అడుగున ఎవరో పట్టుకున్నట్టుంది. పైన ఆకాశం ఒక మీటరు వెడల్పు పట్టీ. అందులోంచి ఒక కొంగ పోయింది. నాకు అంతసేపట్లో కనిపించిన ప్రాణి అదొక్కటే.

అప్పుడు మోటరు మోగింది.

ముందు సన్నటి రొద. తర్వాత పైన పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు కక్కింది. ఆ మోటరు నదిలోని నీళ్లను గట్టు పైకి తోడుతుంది. నీళ్ల కాలువ సరిగ్గా నెర్రె వెనకనుంచి పోతుంది. అందుకే రెండు రోజుల కింద రైతును బతిమాలి ఆపించాను. "గింతేనా సార్" అని ఆయన నా ముందే ఎర్ర బటన్ నొక్కాడు. మోటరు బంద్ అని నోటుబుక్కులో రాసి టిక్కు కూడా పెట్టాను. ఆయన మోసం చేయలేదు. కానీ ఆ డబ్బాకు ఆటో స్టార్టరు ఉంది. కరెంటు పోయి మళ్లీ వచ్చిందంటే, మనిషి ఉన్నా లేకున్నా, మోటరు తనంతట తాను మొదలవుతుంది. రాత్రిపూట లేచి పొలానికి రావలసిన బాధ తప్పుతుందని ఈ చుట్టుపక్కల చాలామంది పెట్టుకున్నారు. నేను ఆ డబ్బాను ఫోటో తీశాను. చూశాను. ఆలోచించలేదు.

"అవ్వా! ఎర్ర బటన్ నొక్కు! జల్ది!"

మోటరు రొద ఆగలేదు.

"అవ్వా!"

"నేను గా డబ్బ ముట్టను కొడుకా." సారు పోయి కొడుకయ్యాను. "మా ముసలాయనను విసిరి కొట్టింది. అప్పటికెల్లి కుడి చెయ్యి లేవలే, సచ్చేదాంక. నేను ముట్టను."

ఆమెను ముట్టమనే హక్కు నాకు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు తీయొచ్చు, కానీ అది అర కిలోమీటరు దూరం, అదీ కరెంటే. పైపు ఊడదీయడం ఆమె వల్ల కాదు. మోటరు ఆపే దారులు మూడు, మూడూ మూసుకున్నాయి. గోడలో, నా భుజం ఎత్తున, మట్టి ముదురు రంగుకు మారడం మొదలైంది. తర్వాత మెరిసింది. తర్వాత చిటికెన వేలంత ధార. నా నడుము చుట్టూ ఉన్న పెళ్లలు మెత్తబడి ఇంకా దగ్గరగా అతుక్కున్నాయి. గట్టు ఎలా జారుతుందో నేను పటాలు గీసి చాలామందికి చూపించాను. బాణం గుర్తుతో నీళ్లు లోపలికి వస్తాయి, చుక్కల గీత మీద మట్టి కదులుతుంది. ఇప్పుడు చుక్కల గీత మీద నేనున్నాను.

"అవ్వా?"

షెడ్డు వైపు ఏ అలికిడీ లేదు. వెళ్లిపోయింది అనుకున్నాను. ఆ కొన్ని నిమిషాల గురించి ఎక్కువ రాయలేను. నిమిషాలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకపోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

తర్వాత దూరంగా పార దెబ్బలు వినిపించాయి. ఒకటి, ఆగి, మరొకటి. వయసైన చేతి దెబ్బలు. ధార సన్నబడింది. చుక్కలైంది. మోటరు మోగుతూనే ఉంది, నీళ్లు మాత్రం ఇటు రావడం లేదు.

నేను మోటరు ఎలా ఆపాలా అని చూశాను. ఆమె నీళ్లు మలిపింది. కాలువ తెంపి, ఒడ్డు గండికొట్టి, మొత్తం నీళ్లను మరిది చెరకు తోటలోకి వదిలింది.

కోతకు వచ్చిన చెరకుకు నీళ్లు పెట్టరు. నేల తడిసిందంటే కొట్టేవాళ్ల కాళ్లు దిగబడతాయి, ట్రాక్టరు లోపలికి పోదు, ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన కోత వంతు పోతుంది. పాటలు ఆగిపోయాయి. కేకలు మొదలయ్యాయి. కేకలు దగ్గరయ్యాయి.

అవ్వ రొప్పుతూ షెడ్డు దగ్గరికి తిరిగివచ్చింది. "మొత్తుకుంటె ఒక్కడు రాలె. ఇప్పుడు సూడు కొడుకా, ఎట్ల ఉరికొస్తున్నరో."

ముందుగా మరిది గొంతు. "ఎవలు మలిపిండ్రు నీళ్లు? కండ్లు నెత్తికెక్కినయా? నా తోట బురద బురద అయితున్నది!"

అవ్వ ఆయనకు జవాబివ్వలేదు. నాతో అంది. "సారూ, నువ్వు గోతిల ఉన్నవని గాయనకు సెప్పు."

"అన్నా," అన్నాను, "నేను గోతిల ఉన్న."

ఆయన గొంతు మారింది. "అయ్యో, గిదేంది సార్! నీళ్ల సంగతి తర్వాత. ఓ సార్, ఆమెకు సెప్పు, పార ఇటియ్యమని."

"గాయనకు సెప్పు, పార గాడనే ఒడ్డు మీదున్నదని."

"ఆమెకు సెప్పు, మోటరు నేను బంద్ చేస్తున్ననని."

నడుము దాకా పూడుకుపోయి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఇద్దరికి ఒకరి మాట ఒకరికి అందించాను. వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. మోటరు ఆగింది.

కోతవాళ్లు మరాఠీ మనుషులు. నేను ఒక్కొక్కటీ చెప్పాను: అంచుకు దగ్గరగా ఎవరూ నిలబడవద్దు, ట్రాలీ పక్కల ఇనుప తలుపులు ఊడదీసి తెచ్చి పరచండి, వాటి మీద పడుకునే తవ్వండి, ముందు నా వెనక వంగిన గోడకు ఆపు పెట్టండి. వాళ్లకు సగం అర్థమైంది. వాళ్లు తలుపుల కోసం ఉరికారు. ఇంతలో మరిదికి ఇంకో ఆలోచన వచ్చింది.

"గంత సేపెందుకు? ట్రాక్టరుకు తాడు కట్టి గుంజుదాం. ఒక్క గుంజు!"

నేను వద్దన్నాను. ఆయన అప్పటికే ట్రాక్టరెక్కాడు. ఇంజను చప్పుడులో నా మాట మునిగిపోయింది. ట్రాక్టరు బరువు నెర్రె మీదికి వస్తే గోడ కాదు, గట్టే వస్తుంది. చక్రాల అదురు ముందు నా చెవికి కాదు, నడుముకు తెలిసింది. మట్టి నన్ను ఇంకొంచెం నొక్కింది. ఈసారి గొంతు చించుకుని అరిచాను. ట్రాక్టరు దగ్గరవుతూనే ఉంది.

"ఓ చిన్నోడా! ఆపు! ఆపురా బండి! పోరడు సస్తడు!"

నేనెప్పుడూ వినని గొంతు. ఇంజను ఆగిపోయింది.

అవ్వ కోడలిగా ఆ ఇంటికి వచ్చినప్పుడు మరిది చిన్న పిల్లవాడట. అప్పుడు అలాగే పిలిచేదట. ఇది తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తెలిసింది అదురు ఆగిందని, అంతే.

గంటకు పైగా తవ్వారు. ఒకాయన తలుపు మీద బోర్లా పడుకుని తట్టతో మట్టి అందిస్తూ, నా ముఖం చూసినప్పుడల్లా "హళూ, హళూ" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని. చివరికి బూట్లు రాలేదు. కాళ్లు వచ్చాయి. చెరకు ఆకుల మీద పడుకుని ఉండగా డ్రైవరన్న వచ్చాడు. నన్ను చూసి, "సార్, పలకలు సరిగ్గ సరిపోయేటివి దొరికినయి" అన్నాడు.

ఆఫీసులో గుంత వివరాల పట్టిక నింపాలి. రెండు మీటర్ల కింద పొరను సరిగ్గా పరీక్షించకుండానే పైకి వచ్చావు కదా, ఏం రాస్తావు అని మా ఆఫీసు పెద్ద సారు అడిగారు. రాశాను: తడిసిన, నున్నటి పసుపు సుద్దమట్టి, పొర నదివైపు వాలి ఉంది. ఎలా తెలుసన్నారు. రెండు గంటలపాటు నా బూట్ల ముందు భాగం నదివైపు కిందికి వంగి ఉందని చెప్పాను. నెర్రె ఎండ పని కాదని, రోడ్డు అక్కడ ఎక్కకూడదని, గట్టు పైన నీళ్లు పారకూడదని నివేదికలో రాశాను.

పది రోజుల తర్వాత గుంత పూడ్చారో లేదో చూడడానికి వెళ్లాను. పూడ్చారు. అవ్వ షెడ్డు కింద బీడీలు చుడుతోంది. డబ్బా పక్కన ఆటో స్టార్టరు లేదు, దాని మేకుల గుర్తులు ఉన్నాయి.

"మరిదితోని మాటలు కలిసినయా అవ్వా?"

"ఎక్కడివి?"

"ఆ దినం పిలిచినవు గద."

"గదొక మాటనా? గది కేక." ఆకు మడిచి, దారం చుట్టి, చాటలో వేసింది. ఆ తర్వాత తలెత్తకుండా అంది. "అటు పోతె గాయనను అడుగు సారూ. గా నీళ్లు ఆరినయా అని."

వెళ్లాను. నెర్రె మీదుగా పోతే దగ్గర. చుట్టూ తిరిగి వెళ్లాను. మరిది చెరకు మోడుల మధ్య నిలబడి ఉన్నాడు. అడిగాను. ఆయన షెడ్డు వైపు ఒకసారి చూశాడు.

"ఆరినయని సెప్పు" అన్నాడు.