క్లిప్పుల బిల్లులు

మా పాపకు పై పళ్ళు బాగా ఎత్తు. కింది వరస లోపలికి పోయి, అన్నం తినేటప్పుడు చెంప కొరుక్కునేది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఆదిలాబాద్‌లో పళ్ళ డాక్టర్ దగ్గర క్లిప్పులు వేయించాను. నేను ఉట్నూర్ దగ్గర సర్కారు బడిలో టీచర్ని. మా ఆయన గల్ఫ్‌లో ఉంటాడు. ఆ ఏడాది ఆయన పని చేసే కంపెనీ మూతపడింది. మాకు పంపడం అటుంచి, ఆయనే అక్కడ అప్పు చేసి తింటున్నాడు. నెలనెలా తీగలు బిగించే ఖర్చంతా నా జీతం మీదే పడింది.

ఫిబ్రవరిలో టాక్స్ కాగితాలు ఇమ్మన్నారు. పాత పద్ధతిలో కడితే వైద్యం ఖర్చుకు మినహాయింపు ఉంటుందని స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట నాకు చాలా పెద్ద ఆశగా కనిపించింది. ఇది అందం కోసం కాదని, పాపకు నమలడం కష్టంగా ఉందని డాక్టర్ చేత చీటీ కూడా రాయించుకున్నాను.

తీగలు బిగించిన రోజే, డాక్టర్ దగ్గర్నుంచి నేరుగా, టాక్స్ కాగితాలు చూసే పెద్దమనిషి దగ్గరికి పాపను వెంటబెట్టుకుని వెళ్లాను. చిన్న గది. పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లిద్దరు మరాఠీలో ఏదో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఆయన బిల్లులన్నీ ఓపిగ్గా తిరగేశాడు. చీటీ రెండుసార్లు చదివాడు. పెద్ద జబ్బులకు ఒక జాబితా ఉందని, అందులో పళ్ళ వరస లేదని చెప్పాడు.

"మీ అవ్వకో బాపుకో అరవై దాటి, ఇన్సూరెన్స్ లేకుంటే వాళ్ల దవాఖాన ఖర్చు చూపెట్టుకోవచ్చు టీచరమ్మా. పిల్లల పండ్లకు రాసుకునే జాగనే లేదు."

మా అమ్మ నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టించుకోమంటే ఇప్పుడెందుకు అంటుంది.

నేను ఊరుకోలేకపోయాను. డాక్టరే రాసిచ్చిండు కదా అన్నాను. రాత్రుళ్లు పాప చెంప పట్టుకుని ఏడ్చేదని చెప్పాను. ఆయన తల ఊపుతున్నాడు కానీ పెన్ను ముట్టుకోలేదు. నమ్మడం లేదేమో అనిపించింది. పక్కకు తిరిగి పాప భుజం మీద చెయ్యేశాను.

"నోరు తెరువు బిడ్డా. సారుకు చూపెట్టు."

పాప నా వైపు ఒకసారి చూసి, నోరు తెరిచింది. పొద్దున బిగించిన తీగలకు చిగుళ్లు వాచి ఉన్నాయి. ఒకచోట సన్నగా రక్తం కూడా కనిపిస్తోంది. మిల్లు వాళ్లు మాటలాపారు. ఆ పెద్దమనిషి చూపు టేబుల్ మీదికి దించుకున్నాడు.

"మూసుకో బిడ్డా," అన్నాడు. తర్వాత నాతో, "నేను చూస్తే ఏమైతదమ్మా? గా చట్టం రాసింది నేను గాదు," అని బిల్లులన్నీ వరసగా పేర్చి నా చేతికిచ్చాడు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు.

బస్సులో పాప కిటికీ వైపు కూర్చుంది. పత్తి లారీల వెనక బస్సు నత్తలా నడుస్తోంది. గుడిహత్నూర్ దాటాక, నొప్పి తగ్గిందా అని అడిగాను.

"అంగట్ల ఎడ్ల పండ్లు చూపెట్టినట్టు చూపెట్టినవ్," అంది. కోపంగా అనలేదు, మెల్లగానే అంది.

నీ కోసమే కదా అన్నాను. అది పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు. ఆ గదిలో నోరు తెరవమన్నప్పుడు నాకు ఆయన్ని ఎలాగైనా ఒప్పించాలన్న తాపత్రయం తప్ప పాప గుర్తులేదు. ఆ మాట దానికి చెప్పాలనుకున్నాను. ఇంద్రవెల్లి వచ్చింది, ఉట్నూర్ కూడా వచ్చింది, చెప్పలేకపోయాను.

ఆ నెల జీతంలో టాక్స్ మొత్తం కోసేశారు. మరుసటి నెల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎప్పటిలాగే పాప వెంట లోపలికి నడిచాను. తలుపు దగ్గర అది ఆగింది.

"నువ్వు ఈడనే కూసో అమ్మా," అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

క్లిప్పులు తీసేదాకా, ఏడాది పైగా, నెలనెలా ఆ బయటి బల్ల మీదే కూర్చున్నాను.